లాగిన్ పెట్టినంత మాత్రాన వికీ భద్రం కాదు

సంపాదకులకు,

విద్యార్థుల వివరాలు, సిబ్బంది ఫోన్ నంబర్లు, చివరికి సర్వర్ పాస్‌వర్డులు కూడా సొంత మీడియావికీలో (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్ ఇదే) రాసిపెట్టుకునే కాలేజీలు, చిన్న సంస్థలు నెల్లూరు, కావలి, ఒంగోలులో ఎక్కడున్నా, ఇవాళే తమ వికీ వెర్షన్ చూసుకోవాలి. ఎవరో ఒకసారి ఇన్‌స్టాల్ చేసిచ్చి వెళ్తారు. లాగిన్ అడుగుతోంది కదా అని ఆ తర్వాత దాన్ని పట్టించుకునేవారుండరు.

2021 డిసెంబర్‌లో బయటపడిన లోపం చూడండి. ప్రైవేట్ వికీలో మొదటి పేజీ ఒక్కటే అందరికీ కనబడేలా వైట్‌లిస్టులో, అంటే లాగిన్ లేకుండా చదవగల పేజీల జాబితాలో, పెట్టడం మామూలే. ఆ పేజీ పేరుతోనే 'అన్‌డూ' (మార్పును వెనక్కి తీసే) లింకు తయారుచేసి, అందులో వేరే పేజీ కూర్పు సంఖ్య (పేజీ భద్రపరిచిన ప్రతిసారీ దానికి పడే నంబరు) ఇస్తే, లాగిన్ లేకుండానే ఆ రహస్య పేజీలోని రాత బయటికొచ్చేది. ఇచ్చిన సంఖ్య అసలు ఆ పేజీదేనా, అడిగినవారికి చదివే హక్కుందా అని సాఫ్ట్‌వేర్ చూడలేదు. కూర్పు సంఖ్యలు వరుసగా పెరిగేవే కాబట్టి ఊహించడం పెద్ద పనేమీ కాదు. దీన్ని 1.35.5, 1.36.3, 1.37.1 వెర్షన్లలో సరిదిద్దారు. ఆ వరుసల్లో అంతకంటే పాతది నడుస్తుంటే ప్రమాదమే.

ముందు డేటాబేస్, అప్‌లోడ్ చేసిన ఫైళ్లుండే ఇమేజెస్ ఫోల్డర్, వికీ సెట్టింగులుండే లోకల్‌సెట్టింగ్స్ ఫైలు మూడూ బ్యాకప్ తీయాలి. తర్వాత 1.43 లాంటి దీర్ఘకాలిక మద్దతున్న వెర్షన్‌కి మారి, అప్‌డేట్ స్క్రిప్టు నడపాలి. సర్వర్‌లో పీహెచ్‌పీ (మీడియావికీ రాసిన ప్రోగ్రామింగ్ భాష) పాతదైతే దాని మీద కొత్త వికీ ఎక్కదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఈలోగా వైట్‌లిస్టును ఖాళీ చేసి, లోకల్‌సెట్టింగ్స్‌లో 'ఎంసీఆర్‌అన్‌డూ' (mcrundo), 'ఎంసీఆర్‌రిస్టోర్' (mcrrestore) అనే రెండు చర్యలను ఆపేయాలి. లాగిన్ పేజీకేం కాదు, అది తెరుచుకుంటూనే ఉంటుంది. వెబ్ సర్వర్ లాగ్‌లో ఆ రెండు పేర్లూ వెతకాలి. ఎవరూ వాడని చోట అవి కనబడితే అనుమానించాల్సిందే.

అప్‌డేట్ చేసినా ఇంకొకటి మిగులుతుంది. అప్‌లోడ్ చేసిన ఫైళ్లను వెబ్ సర్వరే నేరుగా ఇచ్చేస్తుంది, వికీ అనుమతులు వాటికి అడ్డుపడవు. మార్కుల జాబితా పీడీఎఫ్ లింకును ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. తెరుచుకుంటే ఇమేజెస్ ఫోల్డర్‌కి నేరుగా దారి మూసేసి, ఫైళ్లన్నీ చదివే హక్కు చూసి ఇచ్చే ఇమేజ్ ఆథ్ (img_auth.php) స్క్రిప్టు ద్వారానే వెళ్లేలా మార్చాలి.

మీడియావికీని పేజీకో తాళం వేసేలా కట్టలేదని దాని తయారీదారులే చెబుతున్నారు. కాబట్టి పాస్‌వర్డులు అందులో ఉంచకూడదు. ఇప్పటికే ఉంటే పేజీ తొలగించడం సరిపోదు, ఆ పాస్‌వర్డులనే మార్చాలి.

— ఒక సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్, నెల్లూరు