30 వేల కార్లు, లక్షన్నర కరెంటు బిల్లు

సంపాదకుడికి నమస్కారం.

ఫలానా విద్యుత్ వాహనాల కంపెనీకి ఇన్ని వేల ఆర్డర్లు అంటూ పత్రికల బిజినెస్ పేజీలో వార్త పడిన రోజు, మార్కెట్ తెరిచే తొమ్మిదింబావు లోపలే ఆ క్లిప్పింగ్ మా ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. ఒకరు ‘ఇంకో టెస్లా అవుతుంది చూడండి’ అంటారు. ఇంకొకరు షేరు ఇంత రేటుకు వెళ్తుందని టార్గెట్ వేస్తారు. ఎవరైనా అనుమానం వెలిబుచ్చితే ‘పేపర్లోనే వచ్చిందిగా’ అని నోరు మూయిస్తారు. అందుకే ఈ లేఖ స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీకి కాక మీకు రాస్తున్నాను.

జెన్సోల్ ఇంజినీరింగ్ వ్యవహారం మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. సౌర విద్యుత్ ప్రాజెక్టులు కట్టే కంపెనీ. బ్లూస్మార్ట్ అనే క్యాబ్ కంపెనీకి విద్యుత్ కార్లు లీజుకిచ్చేది. 2025 జనవరిలో భారత్ మొబిలిటీ ఎక్స్‌పోలో తన సొంత విద్యుత్ కార్లను చూపించి, వాటికి 30,000 ముందస్తు ఆర్డర్లు వచ్చాయని స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలియజేసింది. ఏప్రిల్ 9న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ (ఎన్‌ఎస్‌ఈ) అధికారి పుణె దగ్గర చాకణ్‌లో ఉన్న ఆ కార్ల ఫ్యాక్టరీకి వెళ్లారు. అక్కడ ఉత్పత్తి ఏమీ జరగడం లేదు. ఇద్దరు ముగ్గురు కూలీలు కనబడ్డారు. కరెంటు బిల్లులు తెప్పించి చూస్తే, అంతకు ముందు 12 నెలల్లో అన్నిటికంటే పెద్ద బిల్లు 2024 డిసెంబరుది. ఎంతంటే 1,57,037 రూపాయలు.

నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. చిన్న యూనిట్‌కి రోజువారీ ఖర్చులకు అప్పు (వర్కింగ్ క్యాపిటల్) ఇవ్వాలన్నా ముందు గోడౌన్‌లో సరుకు చూసేవాళ్లం, తర్వాత జీతాల రిజిస్టర్, ఆ వెంటనే కరెంటు బిల్లు. ఓనరు ఎంత బాగా మాట్లాడినా మీటరు మాత్రం తిరిగినంతే చూపిస్తుంది. వేల కార్లు తయారు చేయబోయే చోట రేకులు వంచే ప్రెస్ షాపు, వెల్డింగ్, పెయింటు బూత్ ఉండాలి కదా. వాటికి నెలకు లక్షన్నర కరెంటు ఏ మూలకు? ఈ ప్రశ్న అడగడానికి ఆడిటరే కానక్కర్లేదు. ఎక్స్ఛేంజీ అధికారి జనవరి ఆఖర్లో కాకుండా ఏప్రిల్ రెండో వారంలో వెళ్లడమే నాకు మింగుడుపడని సంగతి.

ఇక ఆ 30,000 ఆర్డర్లలో ఏముందో సెబీ ఏప్రిల్ 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో రాసింది. తొమ్మిది సంస్థలతో 29,000 కార్లకు కుదిరిన అవగాహన ఒప్పందాలు అవి. కార్లు తీసుకోవాలనే ఆసక్తి ఉందన్నంత వరకే. ధర రాయలేదు, ఎప్పటికి అందించాలో రాయలేదు. అలాంటి కాగితం పట్టుకుని మా బ్రాంచికి ఎవరైనా వస్తే మర్యాదగా టీ ఇచ్చి పంపేవాళ్లం.

దీనికంటే నన్ను ఆశ్చర్యపరిచింది మరొకటి. 2024-25 మొత్తంలో మన దేశంలో అన్ని కంపెనీలూ కలిపి అమ్మిన విద్యుత్ కార్లు లక్షకు కాస్త ఎక్కువ. టాటా, ఎంజీ, మహీంద్రా అందరూ అందులోనే. ఇంకా ఒక్క కారు కూడా కొన్నవాళ్ల చేతికి ఇవ్వని కంపెనీకి అందులో పావు వంతుకు మించి ఆర్డర్లు ఒక్క ప్రదర్శనతో వచ్చేశాయంటే, రాసేవాళ్ల కలం ఒక్క క్షణమైనా ఆగాలి కదా!

అప్పుగా తెచ్చిన నిధులను జెన్సోల్ దారి మళ్లించిందన్న గొడవ లోతుల్లోకి నేను పోను. ఇరెడా, పీఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఆ కంపెనీకి దాదాపు 978 కోట్లు అప్పిచ్చాయి. అందులో 6,400 విద్యుత్ కార్ల కోసం తీసుకున్న డబ్బుకు 4,704 కార్లే వచ్చాయని సెబీ అంటోంది. తప్పొప్పులు విచారణలో తేలాల్సినవి. కానీ అప్పటికే లక్షకు పైగా సామాన్య వాటాదారులు ఆ షేరులో ఉన్నారు. 2024 జూన్‌లో 1,100 రూపాయలు దాటిన షేరు ఉత్తర్వు వచ్చేనాటికి 150 లోపుకి పడిపోయింది. పైగా ఒక్కో షేరును పదిగా విడగొట్టాలని కంపెనీ ప్రతిపాదించింది. ధర తక్కువగా కనబడితే చిన్న మదుపరులు ఇంకా ఎగబడతారని సెబీ దాన్ని ఆపింది. ఆ పని మాత్రం సరైన సమయంలో చేసింది.

ఇది ఒక్క కంపెనీకి పట్టిన జబ్బు కాదు. ఓలా ఎలక్ట్రిక్ తన షోరూములను నాలుగు వేలకు పెంచుతున్నట్టు 2024 డిసెంబరు 2న చెప్పింది. ఉదయం 9.58కి దాని అధిపతి ఎక్స్‌లో (పాత ట్విటర్) పెట్టారు. ముందుగా తెలియాల్సిన ఎక్స్ఛేంజీకి తెలిసింది మధ్యాహ్నం 1.36కి. అందుకు సెబీ హెచ్చరిక లేఖ ఇచ్చి ఊరుకుంది. అమెరికాలో ఎలాన్ మస్క్ 2018 ఆగస్టులో టెస్లాను ఒక్కో షేరుకు 420 డాలర్ల చొప్పున కొని స్టాక్ మార్కెట్ నుంచి తప్పించి ప్రైవేటు చేస్తానని, నిధులు సిద్ధమని ట్వీట్ చేస్తే, రెండు నెలలు తిరక్కుండానే అక్కడి నియంత్రణ సంస్థ కేసు వేసింది. మస్క్, కంపెనీ చెరో రెండు కోట్ల డాలర్లు కట్టారు. ఆయన చైర్మన్ కుర్చీ వదులుకున్నారు. అంత సొమ్ము ఆయనకు ఓ లెక్కా అంటే కాదనుకోండి. అయినా మన హెచ్చరిక లేఖ కంటే నయం.

విద్యుత్ వాహనాలంటే నాకు వ్యతిరేకత లేదు. మా వీధిలో పాలవాడి బండి, కూరగాయల ఆటో రెండూ చార్జింగ్‌వే. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీ కడుతోంది, సీతారాంపూర్‌లో ఒలెక్ట్రా బస్సులు తయారవుతున్నాయి. మన పిల్లలకు ఉద్యోగాలొచ్చే రంగం ఇది. అందుకే గాలి కబుర్లతో దాని పరువు పోకూడదంటున్నాను. ఒక కంపెనీ మీద నమ్మకం పోతే, నిజంగా బండ్లు తయారు చేసే పక్క కంపెనీకి కూడా బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడతాయి. ఆ మీటింగుల్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

నియంత్రణ సంస్థ చేయాల్సింది పెద్ద చట్టమేమీ కాదు. ఆర్డర్లు వచ్చాయని ఎక్స్ఛేంజీకి తెలియజేసే కంపెనీ, అవి కట్టుబడి కొనాల్సినవా కాదా, ధర ఖరారైందా, అడ్వాన్సు ఎంత ముట్టింది, ఎప్పటికి ఇవ్వాలి అన్నవి అదే ప్రకటన మొదటి పేరాలో చెప్పాలి. ఎప్పుడో వార్షిక నివేదికలో 140వ పేజీ అడుగున కాదు. కొత్తగా తయారీలోకి దిగిన కంపెనీ అయితే, ఎక్స్ఛేంజీ మనిషి పదిహేను రోజుల్లో ఫ్యాక్టరీ చూసి రావాలి.

మీవంటి పత్రికలు చేయాల్సింది దీనికంటే తేలిక. తెలుగు పత్రికలకు మండలానికో విలేకరి ఉన్నారు. వాగు పొంగినా, రేషన్ బియ్యం పక్కదారి పట్టినా తెల్లారేసరికి ఫోటోతో సహా వార్త ఇస్తారు. బిజినెస్ పేజీకి మాత్రం కంపెనీ పీఆర్ నుంచి వచ్చిన మెయిలే దిక్కు అయిపోయింది. మన రెండు రాష్ట్రాల్లో ప్లాంటు ఉన్న కంపెనీ ఏదైనా వేల వాహనాల ఆర్డరు ప్రకటిస్తే, ఆ మండల విలేకరిని గేటు దాకా పంపండి. ఎన్ని షిఫ్టులు నడుస్తున్నాయో బయట టీ కొట్టువాడే చెబుతాడు. ప్లాంటు వేరే రాష్ట్రంలో ఉంటే కంపెనీకి ఒక ఫోన్ చేసి పై నాలుగు ప్రశ్నలూ అడగండి. జవాబు రాకపోతే, ధర, గడువు వివరాలు కంపెనీ ఇవ్వలేదని వార్తలోనే ఒక వాక్యం వేయండి. మా గ్రూపుల్లో తిరిగే క్లిప్పింగులో ఆ వాక్యం కూడా ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
తెనాలి