ఉప్పుగాలికి నిలిచే జేబు పనిముట్టు మన దగ్గరే తయారు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ప్లయరు, కత్తి, స్క్రూడ్రైవరు, రంపం అన్నీ ఒకే పిడిలో మడిచిపెట్టిన జేబు పనిముట్లు విశాఖ పూర్ణా మార్కెట్ హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి, ఆన్‌లైన్లోనూ దొరుకుతున్నాయి. పెట్టె మీద పదిహేను పనులనో, ఇరవై పనులనో రాసి ఉంటుంది. ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ బోటు మీదో, బీచ్ రోడ్డు పక్క తిరిగే స్కూటర్ డిక్కీలోనో కొన్ని నెలలు ఉన్నాక దాన్ని తెరవబోతే సగం రేకులు, అంటే లోపల మడిచిన పనిముట్లు, బయటికి రావు, వచ్చినవి వదులై ఊగుతాయి. ఇది వాడినవాళ్ల తప్పు కాదు. ఉప్పుగాలిలో చేసే పనిని ముందు పెట్టుకుని దాన్ని ఎవరూ డిజైన్ చేయలేదు. గాజువాక ఆటోనగర్ షాపుల్లో, కంచరపాలెం ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో అలాంటిది చేయగల చేతులున్నాయి. ఆ పనికి పూనుకునేవాళ్లకు పనికొస్తాయని ఈ వివరాలు రాస్తున్నాం.

ఎన్ని రేకులు పెట్టాలన్నది తర్వాతి సంగతి. ఏ బోల్టు విప్పాలి, ఏ తీగ కోయాలి అన్నది ముందు తేలాలి. కార్ల్ ఎల్సెనర్ 1891లో స్విస్ సైన్యానికి ఇవ్వడం మొదలుపెట్టిన కత్తిలో ఉన్నవి నాలుగే: బ్లేడు, ఆరె, డబ్బా మూత కోసేది, స్క్రూడ్రైవరు. ఆ స్క్రూడ్రైవరు కూడా అప్పటి కొత్త రైఫిల్‌ను విప్పడానికి. అమెరికాకు చెందిన టిమ్ లెదర్‌మాన్ 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతూ, జేబు కత్తిలో ప్లయరు లేని లోటు గమనించాడు. ప్లయరే నడుమ ఉన్న ఆయన పనిముట్టు 1983లో అమ్మకానికి వచ్చింది. రెండూ పని చూసి పుట్టినవే.

మన తీరంలో దారిలోనో, నీళ్ల మీదో అవసరపడే పనులు ఏవి? ఇంధనం పైపు మీద హోస్ క్లిప్ బిగించాలి, దాని స్క్రూ తల 7 లేదా 8 మి.మీ. ఉంటుంది. ఇంజిన్ కవర్ల మీద 6 మి.మీ. లావు మరలుండే ఎం6 బోల్టులు, అంటే 10 మి.మీ. తల. బైకు కవర్లకు ప్లస్ స్క్రూలు, తలలో ఆరుపలకల గుంట ఉండే 4, 5, 6 మి.మీ. అల్లెన్ బోల్టులు. ప్రొపెల్లర్ దగ్గర స్ప్లిట్ పిన్ను లాగాలి. తాడు కోయాలి, వల పోగు కోయాలి, వైరు తోలు తీయాలి. వీటికి సన్నమూతి ప్లయరు, తీగ కోసే అంచు, 70 మి.మీ. బ్లేడు ఒకటి, చిన్న ఆకురాయి, ఆరె, స్క్రూడ్రైవరు బిట్లు పట్టే హోల్డరు చాలు. సీసా మూత తీసేది, వేలెడంత కత్తెర, చేప పొలుసు గీకేది తీసేయండి. వాటి చోటును రేకులు తిరిగే ఇరుసు పిన్ను మందానికి, పిడి పక్క గోడల బలానికి ఇవ్వండి.

బలం లెక్క దగ్గర చాలామంది పొరపాటు పడతారు. 8.8 గ్రేడు ఎం6 బోల్టు బిగించడానికి సుమారు 10 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, కావాలి. పిడి పొడవు 100 మి.మీ. అయితే చివర 10 కిలోల బలం వేయాలి. చేతికి అది సాధ్యమే. ఎం8కి వచ్చేసరికి 25 న్యూటన్ మీటర్లు, అంటే 25 కిలోలు. తుప్పుకు బిగుసుకుపోయిన బోల్టయితే ఇంకా ఎక్కువ. రేకు మడిచి చేసిన పిడి మీద అంత బరువు పడితే ముందు పిడి వంగుతుంది, ఆపైన పిన్ను వంగుతుంది. అందుకే ఈ పనిముట్టు 10 మి.మీ. తల వరకే అని మొదట్లోనే హద్దు గీసుకోవాలి. 12, 14 సైజులకు మామూలు రింగ్ స్పానరే దిక్కు. పిడి చివర బుల్లి అడ్జస్టబుల్ స్పానర్ పెట్టిన మోడళ్లు వస్తున్నాయి. వాటి దవడ ఆడుతూ ఉండటంతో బోల్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి. ఆ తర్వాత ఆ బోల్టు మెకానిక్కు చేతికి కూడా లొంగదు.

తీగ కోసే చోట పిడి మనకు సాయం చేస్తుంది. కోసే అంచు పిన్నుకు 12 మి.మీ. దూరంలో ఉంటే 100 మి.మీ. పిడితో చేతి బలం 8 రెట్లవుతుంది. 25 కిలోల పట్టు 200 కిలోలై అంచు మీద పడుతుంది. 2 మి.మీ. మెత్తటి జీఐ (జింకు పూత ఇనుప) తీగకు 100 కిలోల చుట్టుపక్కల చాలు. అదే లావు స్ప్రింగ్ స్టీలు తీగకు 400 దాటుతుంది. అది తెగదు, అంచే పళ్లు పళ్లుగా లేచిపోతుంది. గాలం కోసినప్పుడూ అంతే. కాబట్టి కోసే అంచును దవడలో కలిపేయకుండా విడి ముక్కలుగా చేసి చిన్న స్క్రూలతో బిగించాలి. పాడైతే ఆ రెండు ముక్కలే మార్చుకోవచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. అంచు గట్టిదనం రాక్‌వెల్ సి స్కేలు మీద 55 నుంచి 58 ఉండాలి. దవడకు 42 నుంచి 46 చాలు. మొత్తం దవడను 58కి తెస్తే, పక్కకి తిప్పి లాగినప్పుడు సన్నమూతి టప్పున విరుగుతుంది.

ఇక స్టీలు. పెట్టె మీద స్టెయిన్‌లెస్ అని ఉంటే సరిపోదు. గిన్నెలు చేసే 304 రకాన్ని ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉండటం వల్ల ఉప్పుకు బాగా ఆగుతుంది, కానీ అదీ గట్టిపడదు. దాన్ని స్క్రూలకు, పక్క గోడలకు వాడాలి. బ్లేడుకు 12 నుంచి 14 శాతం క్రోమియం, 0.3 శాతం పైన కార్బన్ ఉన్న 420 రకం సరిపోతుంది. అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదని చాలామంది దుకాణంలోనే తేల్చేస్తారు. గట్టిపరచగల స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటుకుని తీరుతుంది. ఆ పరీక్షతో మంచి బ్లేడును తిప్పి పంపేస్తున్నారు. నికెల్, క్రోమ్ పూత పూసిన మామూలు ఇనుము మాత్రం ఇక్కడ అసలు వద్దు. పూతలో సూదిమొనంత రంధ్రం ఉన్నా దాని కింద తుప్పు పాకుతుంది, దవడ పళ్ల మీదైతే పూత వాడకానికే అరిగిపోతుంది.

420ని సుమారు 1,000 నుంచి 1,040 డిగ్రీల మధ్య వేడి చేసి నూనెలో ముంచాలి. ఆ వెంటనే 150 నుంచి 200 డిగ్రీల దగ్గర టెంపర్ చేస్తే, అంటే పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడి చేస్తే, గట్టిదనం 50 పైన నిలుస్తుంది. దవడకు అంతకంటే మెత్తదనం కావాలని టెంపరింగ్‌ను 450, 500 డిగ్రీలకు తీసుకెళితే రెండు నష్టాలు: స్టీలు పెళుసెక్కుతుంది, తుప్పును ఆపే గుణమూ తగ్గుతుంది. దవడకు కార్బన్ కాస్త తక్కువున్న 420 తీసుకుని తక్కువ వేడిలోనే టెంపర్ చేయడం మేలు. చివర్లో అంచు గ్రైండ్ చేసేటప్పుడు రంగు మారిందంటే ఆ చోట ఉప్పు ముందుగా పట్టుకుంటుంది. తరచూ నీళ్లలో ముంచుతూ గ్రైండ్ చేయాలి. మెషిన్ పని అయ్యాక ఉపరితలం మీద మిగిలిన ఇనుప రేణువులను సిట్రిక్ యాసిడ్ ద్రావణంలో నానబెట్టి తీసేయాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇది. అయినా చిన్న షాపుల్లో దీన్నే వదిలేస్తారు.

అసలు రోగం మాత్రం ఇరుసు పిన్ను దగ్గరే ఉంది. స్టెయిన్‌లెస్‌ను కాపాడేది దాని మీదున్న సన్నని ఆక్సైడ్ పొర. ఆ పొర నిలవాలంటే ఆక్సిజన్ అందాలి. పిన్ను చుట్టూ ఇరుకు సందులో నిలిచిన ఉప్పు నీటిలో ఆక్సిజన్ అయిపోతుంది, క్లోరైడు చిక్కబడుతుంది, పొర తెగి గుంటలు పడతాయి. పైకి మెరుస్తూ కనిపించే పనిముట్టు లోపల బిగుసుకుపోవడానికి కారణం ఇదే. కాబట్టి పిడి వెనక భాగం మూసేయకూడదు. నీరు నిలిచే మూలలో 3 మి.మీ. రంధ్రం పెట్టాలి. రివెట్ కొట్టి శాశ్వతంగా బిగించకుండా, అల్లెన్ కీతో విప్పే స్క్రూ పిన్ను పెట్టాలి. విప్పి మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె చుక్క వేసి మళ్లీ బిగిస్తే ఏళ్ల తరబడి వస్తుంది. వంటనూనెలు జిగురెక్కుతాయి, ఇసుకను పట్టుకుంటాయి. స్ప్రే డబ్బాలో వచ్చేవి తేమను తరిమేస్తాయి కానీ వాటిలో చాలాభాగం ఆవిరైపోతుంది. వాటి మీద ఒక చుక్క నూనె వేయాల్సిందే.

పిన్ను 5 మి.మీ. అనుకుంటే రంధ్రాన్ని డ్రిల్లుతో వదిలేయకుండా రంధ్రాన్ని సరిగ్గా కొలతకు తెచ్చే రీమర్ వేసి హెచ్7 అనే కొలత హద్దుకు తేవాలి. అంటే 5.000 నుంచి 5.012 మి.మీ. పుస్తకంలో ఉన్నట్టు పిన్నును జీ6 హద్దుకు చేస్తే సందు 4 నుంచి 24 మైక్రాన్లు (మి.మీ.లో వెయ్యో వంతులు) వస్తుంది. పొడి చోట అది చక్కని ఫిట్టు. ఇసుక, ఉప్పు ఉన్న చోట పట్టేస్తుంది. పిన్నుకు ఎఫ్7 హద్దు తీసుకుంటే 10 నుంచి 34 మైక్రాన్లు, ఇక్కడికి అదే సరి. మరీ వదులైనా కష్టమే. 2.5 మి.మీ. మందం రేకుకు రంధ్రంలో 0.05 మి.మీ. సందు ఉంటే 60 మి.మీ. దూరంలోని మొన 1.2 మి.మీ. దాకా ఊగగలదు. ఆ ఊపును ఆపేవి రేకుకు రెండు వైపులా ఉండే వెడల్పాటి 0.2 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు. చవక పనిముట్లలో అవే ఉండవు.

పిడి మందం లెక్క కూడా కాగితం మీద ముందే వేసుకోవాలి. ఒక్కో పిడిలో 2.5 మి.మీ. రేకులు మూడు, 1.2 మి.మీ. లాక్ స్ప్రింగు, నాలుగు వాషర్లు, 1.2 మి.మీ. పక్క గోడలు రెండు కలిపితే 11.9 మి.మీ. నాలుగో రేకు కావాలంటే పాంటు జేబు ఒప్పుకోదు. బరువు 200 గ్రాములు దాటకూడదనుకుంటే స్టీలు 25 ఘన సెంటీమీటర్లే. పక్క గోడ అంచు సన్నగా ఉంటే ప్లయరు గట్టిగా నొక్కినప్పుడు అరచేతిని కోస్తుంది, దాన్ని 4 మి.మీ. వెడల్పున బయటికి మడవాలి. బరువు తగ్గుతుందని అల్యూమినియం పిడి పెట్టేవాళ్లున్నారు. ఉప్పు నీటిలో స్టెయిన్‌లెస్ పక్కన ఉన్న అల్యూమినియం త్వరగా తినేసుకుపోతుంది, ఆ తెల్లపొడి పిన్ను చుట్టూ బిగుసుకుంటుంది. పట్టు కోసం పైన గాజునార కలిపిన నైలాన్ పలక చాలు. నైలాన్ నీరు పీల్చి కొద్దిగా ఉబ్బుతుంది కనుక కొలత ముఖ్యమైన భాగాలకు అది వద్దు.

బిట్ హోల్డరు రంధ్రం 6.35 మి.మీ. ఆరుపలకల్లో ఉండాలి. అప్పుడు ఏ దుకాణంలో కొన్న బిట్టయినా పడుతుంది. సొంత సైజు పెట్టిన పనిముట్టు ఒక్క బిట్టు పోగానే మూలపడుతుంది. బిట్టు జారకుండా లోపల అయస్కాంతం పెట్టడం అందరి అలవాటు. నియోడిమియం అయస్కాంతం నికెల్ పూత పగిలిందంటే ఉప్పుగాలికి పొడిపొడి అవుతుంది, ఇనుప రజనును కూడా పోగేస్తుంది. దాని బదులు స్ప్రింగు రింగు పెట్టాలి. జపాన్ తరహా బైకుల ప్లస్ స్క్రూలలో మామూలుగా దొరికే ఫిలిప్స్ రకం ప్లస్ బిట్టు అడుగుదాకా కూర్చోదు, తిప్పగానే పైకి లేచి గాడిని పాడుచేస్తుంది. జపాన్ తరహా బిట్టు ఒకటి సెట్‌లో తప్పనిసరి. అది మామూలు ఫిలిప్స్ స్క్రూకు కూడా బాగానే సరిపోతుంది.

లాక్ లేని బ్లేడు, స్క్రూడ్రైవరు వేళ్ల మీదికి మడత పడతాయి. బ్లేడు పిన్నుకు 50 మి.మీ. దూరంలో 10 కిలోలు వేలాడదీసినా లాక్ జారకూడదని నియమం పెట్టుకోండి. తాడు కట్టుకోవడానికి 4 మి.మీ. రంధ్రం ఉండాలి, బోటు మీద చేయి జారితే స్టీలు తిరిగి రాదు. కరెంటు విషయంలో మాత్రం రాజీ లేదు. లోహపు పిడితో కరెంటున్న వైరు ముట్టుకోకూడదు. పైన ప్లాస్టిక్ తొడిగినంత మాత్రాన అది ఇన్సులేషన్ కాదు, 1000 వోల్టుల గుర్తు ఉన్న పనిముట్లు వేరు. మెయిన్ ఆపాక కూడా ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కొన్ని వైర్లలో కరెంటు ఉండొచ్చు. ఈ మాట పెట్టె మీద తెలుగులో ముద్రించాలి.

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు రెండేళ్లు. ఫైలింగ్, డ్రిల్లింగ్, రీమింగ్, ఫిట్టింగ్ అన్నీ అందులోనే నేర్చుకుంటారు. పరీక్ష కోసం చేసి పక్కన పడేసే ముక్కల స్థానంలో ఈ పనిముట్టు భాగాలు చేయించవచ్చు. పాలిటెక్నిక్ చివరి ఏడాది ప్రాజెక్టుగా డ్రాయింగులు, హీట్ ట్రీట్‌మెంట్, 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పు నీటి పొగ నింపిన పెట్టెలో పెట్టే తుప్పు పరీక్ష చేయించవచ్చు. ఆ పరీక్ష ఒక్కటే చాలదు, ఆ పెట్టెలో ఇసుక ఉండదు, చెమట చేతులుండవు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉండి మరమ్మతులు చేయించుకుంటాయి. మొదటి ఇరవై నమూనాలను ఆ రోజుల్లోనే బోటు మెకానిక్కుల చేతికివ్వాలి. జూన్ 15న వేటకు వెళ్లేవాళ్లతో అవి సముద్రం మీదికి పోవాలి. అక్టోబరులో వెనక్కి తీసుకుని ప్రతి పిన్నూ విప్పి, ఏ వాషర్ అరిగింది, ఏ రంధ్రంలో గుంట పడింది, ఏ రేకును ఎవరూ తెరవనే లేదు అన్నది రాసుకుని, ఆ కాగితాన్ని డ్రాయింగులతో సహా ఆటోనగర్ షాపులన్నిటికీ అందుబాటులో పెట్టాలని సంబంధిత అధికారులను, ప్రిన్సిపాళ్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
టూల్ రూమ్, ఫిట్టింగ్ పనుల్లో ఉన్న కొందరు పాఠకులు,
గాజువాక, విశాఖపట్నం