చక్రాలు మారిస్తే సెన్సార్లు ఎటు పోతున్నాయి?

సంపాదకులకు నమస్కారం.

వానాకాలంలో కారు జాగ్రత్తల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. వైపర్లు, బ్రేకుల గురించి రాసినదంతా బాగుంది. 'టైరు గుర్తు వెలిగితే దగ్గర్లోని బంకులో గాలి కొట్టించుకోండి' అన్న ఒక్క వాక్యం దగ్గరే నాకు పేచీ. నేను ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఉద్యోగమంతా ప్రెజర్ గేజ్‌లతో, ట్రాన్స్‌మిటర్లతో గడిచింది. కొలిచే పరికరాన్ని ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే ఊరుకోలేను. ఇంట్లోవాళ్లకీ ఈ బాధ ఉంది.

చాలా కార్లలో డాష్‌బోర్డు మీద టైరు గాలి గురించి హెచ్చరించే ఆ గుర్తు రెండు రకాలుగా వెలుగుతుంది. వెలిగి అలాగే నిలబడితే ఏదో టైరులో గాలి తగ్గినట్టు. స్టార్ట్ చేయగానే నిమిషం, నిమిషంన్నర మినుకుమినుకుమని తర్వాత నిలబడితే మాత్రం, గాలిని కొలిచే ఏర్పాటే పనిచేయడం లేదని. అప్పుడు ఎంత గాలి కొట్టినా దండగే. విశాఖలో నాకు తెలిసినవాళ్లలో ఈ రెండో రకం ఎక్కువగా ఎవరికి వస్తోందంటే, కొత్తగా అల్లాయ్ వీల్స్ వేయించుకున్నవాళ్లకి.

మధురవాడలో ఉండే మా మేనల్లుడు ముచ్చటపడి పెద్ద సైజు అల్లాయ్‌లు వేయించాడు. పాత చక్రాలు షాపువాళ్లే ధర కట్టి తీసుకున్నారు. వాటి లోపలున్న, గాలిని కొలిచే నాలుగు సెన్సార్లూ వాటితోపాటే పోయాయి. మర్నాడు లైటు చూసి వెళ్లి అడిగితే, "ఏటీ కాదు సార్, ఆ లైటు అందరికీ వస్తాది, రెండ్రోజులుంటే అలవాటైపోద్ది" అన్నాడట అక్కడి కుర్రాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. చక్రం విప్పడం నేర్పినవాళ్లు లోపల ఏముందో చెప్పలేదు, అంతే. కానీ ఫర్నేసు దగ్గర అలారం మోగుతుంటే దానికి అలవాటుపడమని చెప్పిన ఫోర్‌మన్‌ని నేనైతే చూడలేదు.

లోపలున్నది ఇదీ. వాల్వు మొదట్లో, రిమ్ముకి లోపలివైపు అగ్గిపెట్టె కన్నా చిన్న పెట్టె ఉంటుంది. అది గాలి ఒత్తిడినీ వేడినీ కొలిచి రేడియో ద్వారా కారుకి పంపుతుంది. ఆ రేడియో ఫ్రీక్వెన్సీ మన దేశంలో సాధారణంగా 433 మెగాహెర్ట్జ్. అమెరికా బళ్లలో ఎక్కువగా 315. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని ఏదో ఒకటి తెప్పిస్తే కారుకి వినిపించకపోవడానికి ఇదొక కారణం. ప్రతి సెన్సార్‌కీ సొంత నంబరు ఉంటుంది, కారు కంప్యూటర్ ఆ నాలుగు నంబర్లనే గుర్తుపెట్టుకుంటుంది. కొత్తవి వేస్తే నంబర్లు మళ్లీ నేర్పాలి. కొన్ని బళ్లు కాసేపు నడిపితే వాటంతటవే నేర్చుకుంటాయి, కొన్నింటికి చేతి పరికరం పెట్టి నేర్పాలి. బ్యాటరీ లోపలే సీలు చేసి ఉంటుంది, అయిదు నుంచి పదేళ్లు వస్తుంది, అయిపోతే సెన్సారే మార్చాలి. అందుకే ఏడెనిమిదేళ్ల బండికి టైర్లు మారుస్తున్నప్పుడే ఆ పనీ చేయించుకుంటే, టైరు రెండోసారి విప్పే కూలి తప్పుతుంది.

అన్ని కార్లకూ ఈ పెట్టెలు ఉండవు. కొన్ని బళ్లు బ్రేకుల కోసం చక్రాల వేగం కొలిచే ఏబీఎస్ సెన్సార్లతోనే లెక్క కడతాయి. గాలి తగ్గిన చక్రం చుట్టుకొలత కాస్త తగ్గి మిగతావాటి కన్నా వేగంగా తిరుగుతుంది కదా, దాన్నిబట్టి. వీటికి చక్రాలు మార్చినా పోయేదేమీ లేదు. నాలుగింటికీ గాలి సరిగ్గా పెట్టించి కారులోని 'సెట్' మీట నొక్కితే చాలు. గాలి తక్కువున్నప్పుడు నొక్కితే అదే సరైన గాలి అనుకుంటుంది, అది వేరే తంటా.

మన సముద్రపు ఉప్పుగాలి గురించి ఎవరూ చెప్పరు. సెన్సార్లున్న చాలా చక్రాలకు వాల్వు కాడ అల్యూమినియంది. అందులో గాలి బయటికి పోకుండా ఆపే పిన్నుగా మామూలు ఇత్తడిది వేస్తే ఉప్పు తేమకి రెండూ కరుచుకుపోతాయి, తీయబోతే కాడే విరుగుతుంది. నికెల్ పూత పిన్నే వేయించాలి. తళతళలాడే ఇత్తడి మూతలూ అంతే. బీచ్ రోడ్డు పక్కన బండి పెట్టుకునేవాళ్లు ప్లాస్టిక్ మూతతో సరిపెట్టుకోవడం మేలు.

ఇదంతా చిన్న లైటు గోల అనుకునేవాళ్లకి ఒక మాట. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి, ఐరోపాలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నింటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి. మన దగ్గర అలా లేదు గానీ, 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించి, ట్యూబ్‌లెస్ టైర్లతో పాటు ఈ సెన్సార్ల ఏర్పాటు, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదన్నారు. అంటే ఈ లైటు పనిచేస్తుందన్న భరోసా మీదే డిక్కీలోంచి అయిదో చక్రం తీసేయనిచ్చారు. అలాంటి బండికి సెన్సార్లు కూడా పీకేసి అరకు పంపిస్తే? అనంతగిరి ఘాట్‌లో టైరు మెల్లగా దిగిపోతుంటే చెప్పే దిక్కుండదు, పూర్తిగా దిగాక వేసుకోడానికి చక్రమూ ఉండదు. కిట్టులోని జిగురుతో నెట్టుకొచ్చినా, కిందికొచ్చాక టైరు విప్పించి సెన్సార్ రంధ్రంలో చేరిన జిగురు తుడిపించాలి.

నగరంలోని టైరు షాపుల యజమానులను నేను కోరేది పెద్దదేమీ కాదు. చక్రం విప్పకముందే బండికి సెన్సార్లున్నాయా అని చూసి జాబ్ కార్డులో రాయండి. టైరు అంచు విడగొట్టే యంత్రం వాల్వు దగ్గర నొక్కకుండా చూడమని కుర్రాళ్లకు చెప్పండి. పాత రిమ్ములు మీరు తీసుకున్నా సెన్సార్లు విప్పి కొత్తవాటికి బిగించండి, కుదరకపోతే యజమాని చేతికివ్వండి. అవి ఆయన డబ్బుపెట్టి కొన్నవి. ఐటీఐల్లో మోటారు మెకానిక్ చదివే పిల్లలకు కూడా ఈ పని ఒక పూట చేయించి చూపిస్తే చాలు.

కార్లున్నవాళ్లు బిల్లు కట్టేముందు బండిని ఆపి మళ్లీ స్టార్ట్ చేసి, షాపు చుట్టుపక్కల కాసేపు తిప్పి రండి. లైటు మినుకుమంటే తాళం వాళ్ల చేతికే ఇవ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్,
గాజువాక, విశాఖపట్నం