సగం బేస్ పంపిన అన్నకు

చివరి బేస్ (బొమ్మ నిలబడే బిళ్ళ) అంచుకి నల్ల రంగు కొట్టి ఇప్పుడే పక్కన పెట్టాను. కళ్ళు మూతలు పడుతున్నాయి, వేళ్ళ నిండా సూపర్ గ్లూ. రేపు రాద్దాంలే అనుకుంటే ఈ మాటలు ఇలా రావు, అందుకే రాసేస్తున్నా.

సంగతి తెలియనివాళ్ళకి: నా పాత మినియేచర్ల (చేత్తో రంగులు వేసే బుల్లి సైనికుల బొమ్మలు) సైన్యమంతా ఎండి బీటలు వారిన ఎర్రనేల మీద నిలబడి ఉంటుంది. ఈమధ్య ఒక కొత్త దళాన్ని చేర్చాను. ఆ బీటలు తెప్పించే క్రాకిల్ పేస్ట్ మాత్రం ఎక్కడా దొరకలేదు, తయారీ ఆపేశారట. వేరే పేస్ట్ వేస్తే బీటలు వెంట్రుకవాసి పడ్డాయి, రంగేమో గులాబీ వైపు తిరిగింది. పక్కపక్కన పెడితే ఒక సైన్యం అని ఎవరూ అనరు.

సాయం అడిగితే సలహాలు చాలా వచ్చాయి. ఒకాయన మాత్రం (పేరు రాయొద్దన్నారు) అదే పేస్ట్‌తో చేసిన సైన్యం తన దగ్గరుందన్నారు. తర్వాత ఒక చిన్న పార్సిల్ వచ్చింది. విప్పితే లోపల నిలువునా కోసిన సగం బేస్! తన సొంత సైనికుణ్ణి ఊడదీసి, బేస్‌ని రంపంతో కోసి పంపారు. కోసిన చోట పొరలన్నీ తెలుస్తున్నాయి. అడుగున కార్క్, దాని మీద పీవీఏ జిగురు నున్నగా ఆరిన పొర, ఆపైన మందంగా పేస్ట్. బీటల లోపల ముదురు గోధుమ వాష్ (సందుల్లోకి దిగే పల్చటి రంగు), అంచుల మీద లేత పసుపు డ్రైబ్రష్ (దాదాపు పొడి కుంచెతో పైపైన రుద్దిన రంగు). అడుగున పెన్సిల్‌తో రాశారు: "పేస్ట్ ఎంత మందమైతే బీట అంత పెద్దది. రంగు పగటి వెలుగులోనే సరిచూసుకోండి."

పూర్తయిన బొమ్మని బేస్ నుంచి ఊడదీయడమంటే ఏంటో ఈ పని చేసేవాళ్ళకే తెలుసు. పాదాల దగ్గర రంగు లేచిపోతుంది, ఒక్కోసారి మడమే విరుగుతుంది. ముక్కూ మొహం తెలియని నాకోసం ఆ పని చేశారు. దాన్ని చేతిలో పట్టుకుని ఏడ్చేశాను, నిజం. మరి మీ సైనికుడో అని అడిగితే, "వాడికి ఇంకో బేస్ వేస్తాలెండి, ముందు మీ పని కానివ్వండి" అన్నారు. అన్నా, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీ సగం బేస్ చూసి చేస్తే ఎంత కలిసిపోయాయంటే, ఇప్పుడు పాతవాటిలో కొత్త దళం ఏదో నేనే వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇంట్లోవాళ్ళకి కూడా థాంక్స్, ఇన్నాళ్ళూ భోజనాల బల్ల నాకు వదిలేశారు.

ఒక మాట అనకుండా ఉండలేను. సైన్యం కట్టడం ఏళ్ళ తరబడి సాగే పని. ఈ లోపు చెప్పాపెట్టకుండా సరుకు ఆపేస్తే మేమేం కావాలి? ముందే చెబితే రెండు డబ్బాలు ఎక్కువ కొని దాచుకుంటాం కదా! బేస్ సైజులదీ ఇదే గోల. 25 మిల్లీమీటర్ల బేస్‌తో అమ్మిన బొమ్మనే తర్వాత 32తో అమ్ముతారు, పాతవాళ్ళం చుట్టూ రింగులు తగిలించుకుంటూ కూర్చోవాలి.

అయ్యో, పిన్ వైస్ (చేత్తో తిప్పే బుల్లి డ్రిల్) అరువిచ్చిన తమ్ముణ్ణి మర్చిపోయా! కాలి మడమలో తీగ దించి నిలబెట్టకపోతే సగం బొమ్మలు ఈపాటికి పడిపోయేవి. మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని పైపూత) సంగతి చెప్పిన అక్కకి కూడా. రంగు కుదిరినా మెరుపులో తేడా ఉంటే కుదరనట్టే కనిపిస్తుందని, పాతవాటికీ కొత్తవాటికీ ఒకేసారి కొట్టమన్నారు.

ఇంకా, బేస్ మీద కుచ్చులుగా అతికించే 4 మిల్లీమీటర్ల ఎండుగడ్డి టఫ్ట్‌లు పంపినవాళ్ళెవరు? కవర్ తడిసి పేరు చెరిగిపోయింది. కాస్త చెప్పండి, సగం షీట్ మిగిలింది, తిరిగి పంపాలి.