మ్యాచ్ ఉన్న సంగతి ముందే చెప్పుండ్రి

ఎడిటర్ గారికి నమస్కారం. మొన్న ఆదివారం మా పోరగాన్ని తీస్కొని హన్మకొండల ఫుట్‌బాల్ మ్యాచ్‌కు పోయినం, ఆడేటోళ్లు 22 మంది అయితే చూసేటోళ్లు అంతకన్నా తక్కువున్నరు, అండ్ల సగం ప్లేయర్ల దోస్తులే. మ్యాచ్ ఉందని ఎవలకు తెల్సు? నాకు చాయ్ బండి కాడ తెల్సింది.

మన హైదరాబాద్ రహీం సాబ్ ఇండియా ఫుట్‌బాల్ టీంకు కోచ్‌గ ఉన్నప్పుడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఇండియా నాలుగో ప్లేస్‌ల నిలిచింది, 2022ల హైదరాబాద్ ఎఫ్‌సీ టీం ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కొట్టింది, అంటే మనోళ్లకు ఆట కొత్తేం కాదు.

క్లబ్బోళ్లు రెండ్రోజుల ముందు కాలనీ వాట్సాప్ గ్రూపులల్ల పోస్టర్ ఏస్తే ఖర్చేముంది? మిట్ట మధ్యాహ్నం ఎండల పెడితే ఎవరొస్తరు, సాయంత్రం అయిదింటికి పెట్టుండ్రి. ఒక మైకు పట్టుకొని గోల్ ఎవరు కొట్టిండో, ఏ ఊరి పిలగాడో మన భాషల చెప్తే ఆ ఊరోళ్లు ఆటో కట్టుకొని మరీ వస్తరు, కబడ్డీకి రావట్లేదా. హాఫ్ టైంల బడి పిల్లలతోని పెనాల్టీలు కొట్టియ్యుండ్రి, పిల్లలొస్తే అమ్మానాన్నలు వస్తరు. ఆడోళ్లకు బాత్రూం, తాగనీకి నీళ్లు లేకపోతే మాత్రం రెండోసారి రారు, మా ఇంటామె అయితే అప్పుడే చెప్పేసింది.

డప్పు తెస్తే కొట్టెటోళ్లు మా గల్లీల నలుగురున్నరు, పిలుస్తే వస్తరు.

- ఒక పాఠకుడు, హన్మకొండ