హామ్లెట్ మీనమేషాలు లెక్కపెట్టాడా?

సంపాదకులకు నమస్కారం.

మీ సాహిత్య పేజీలో షేక్‌స్పియర్ విషాదాంత నాటకాల మీద వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. తండ్రిని చంపినవాడు కళ్లెదుటే తిరుగుతున్నా మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చుని, చివరికి అందరి ప్రాణాల మీదకీ తెచ్చినవాడు హామ్లెట్ అని వ్యాసకర్త తేల్చేశారు. ఈ అభిప్రాయం ఆయన ఒక్కరిదే కాదు. డిగ్రీ విద్యార్థుల గైడ్లలో ఉన్నదీ, వాళ్లు పరీక్షల్లో రాసేదీ ఇదే. 1948లో లారెన్స్ ఒలివియర్ తీసిన సినిమా కూడా ‘ఒక నిర్ణయానికి రాలేకపోయిన మనిషి విషాదం ఇది’ అనే మాటతోనే మొదలవుతుంది. కానీ నాటకాన్ని దగ్గర పెట్టుకుని, ఏది ఎప్పుడు జరిగిందో వరసగా రాసుకుంటూ పోతే ఈ మాట నిలవదు.

కథ క్లుప్తంగా ఇది: డెన్మార్క్ రాజు నిద్రపోతుండగా అతని తమ్ముడు క్లాడియస్ చెవిలో విషం పోసి చంపి, రాజై, వదినను పెళ్లాడతాడు; చనిపోయిన రాజు ప్రేతాత్మ కొడుకు హామ్లెట్‌కి ఈ సంగతి చెప్పి పగ తీర్చమంటుంది. ముందు రోజుల లెక్క చూద్దాం. తండ్రి పోయి ‘రెండు నెలలు, కాదు, అంత కూడా కాలేదు’ అని మొదటి అంకంలో హామ్లెట్ అంటాడు. మూడో అంకంలో, సభలో నాటకం మొదలయ్యే వేళకి, ‘రెండు రెళ్లు నాలుగు నెలలు ప్రభూ’ అంటుంది హామ్లెట్ ప్రేమించిన ఒఫీలియా. అంటే ప్రేతాత్మ కనిపించిన రాత్రికీ రెండో అంకానికీ మధ్య దాదాపు రెండు నెలలు దొర్లిపోయాయి. అక్కడి నుంచి మాత్రం కథ పరుగు తీస్తుంది. కోటకు నటుల బృందం వచ్చిన మర్నాటి రాత్రే, రాజు నేరం నిజమో కాదో తేల్చుకోవడానికి హామ్లెట్ వేయించిన నాటక ప్రదర్శన. అదే రాత్రి క్లాడియస్ ప్రార్థన, హామ్లెట్ చేతిలో ఒఫీలియా తండ్రి, మంత్రి పొలోనియస్ చావు, తల్లితో గొడవ. తెల్లవారేసరికి హామ్లెట్‌ని ఇంగ్లండ్ ఓడ ఎక్కించడానికి తీసుకుపోతున్నారు. రుజువు చేతికొచ్చాక అతనికి దొరికింది ఒక్క రాత్రి. ఏళ్ల తరబడి తాత్సారం చేసిన మనిషిగా మనం అతణ్ని ఊహించుకోవడం సరికాదు.

అసలు రుజువు ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ప్రేతాత్మను కోట కాపలావాళ్లూ చూశారు, హామ్లెట్ స్నేహితుడు హొరేషియో చూశాడు. కానీ తనను చంపింది తమ్ముడేనని అది చెప్పింది హామ్లెట్ ఒక్కడికే. ఆ మాటకు రెండో సాక్షి లేడు. తోటలో నిద్రపోతుంటే పాము కరిచిందని దేశమంతా నమ్ముతోంది. పైగా హామ్లెట్ చదువుకున్నది విటెన్‌బర్గ్‌లో. 1517లో కాథలిక్ చర్చిని ఎదిరించిన లూథర్ ప్రొటెస్టెంటు ఉద్యమం పుట్టిన ఊరది. తాను పాపాలు కాలిపోయేదాకా శిక్ష అనుభవిస్తున్నానని ప్రేతాత్మ అంటుంది. అది కాథలిక్కులు నమ్మే పర్గేటరీ, అంటే చచ్చినవాళ్ల ఆత్మలు శుద్ధి అయ్యే చోటు. ఆనాటి ఇంగ్లండ్ చర్చి తన 39 నియమాల్లో 22వ దానిలో ఆ నమ్మకాన్ని కొట్టిపారేసింది. చచ్చిపోయినవాళ్లు తిరిగిరారు, ఆ రూపంలో వచ్చేది సైతానే అని ప్రొటెస్టెంటు పండితులు చెబుతున్న కాలం అది. ‘నేను చూసింది సైతాను కావచ్చు, నా దిగులును ఆసరా చేసుకుని నన్ను నాశనం చేయాలని చూస్తుండవచ్చు’ అని హామ్లెట్ అనుమానించడం ఆనాటి ప్రేక్షకుడికి సాకులా వినిపించదు.

ఇదే కథ 1200 ప్రాంతంలో సాక్సో గ్రమాటికస్ రాసిన డెన్మార్క్ చరిత్రలో ఉంది. అందులో హత్య బహిరంగమే. ఎవరు చంపారో అందరికీ తెలుసు, బాలుడు ఆమ్లెత్ (ఆ కథలోని హామ్లెట్) బతికి బట్టకట్టడానికి పిచ్చి నటిస్తాడు, అదను చూసి పగ తీర్చుకుంటాడు. అతనికి కావలసింది అదను మాత్రమే. షేక్‌స్పియర్ నాటకంలో హత్య రహస్యం కాబట్టి హామ్లెట్‌కి అదనుతో పాటు ఆధారం కూడా కావాలి. డెన్మార్క్ రాజును ఎన్నుకుంటారని నాటకమే చెబుతోంది. ఎన్నికై, కిరీటం పెట్టుకున్న రాజును నరికితే అది పగ అవుతుందో, రాజద్రోహం అవుతుందో కొలువు తేలుస్తుంది.

ఇక ఆ ఆధారం సంపాదించిన తీరు. ఇది కాస్త నిదానంగా చూడాల్సిన ఘట్టం. ‘గొంజాగో హత్య’ అనే పాత నాటకంలో పన్నెండో పదహారో పంక్తులు తాను రాసి చేరుస్తానని హామ్లెట్ నటులకు చెబుతాడు. తన కళ్లను మాత్రమే నమ్ముకోకుండా, రాజు ముఖం కనిపెట్టమని హొరేషియోకి పురమాయిస్తాడు. ఇంతవరకూ పకడ్బందీగానే ఉంది. కానీ ప్రదర్శన సాగుతుండగా నోరు అదుపులో పెట్టుకోలేకపోతాడు. హంతకుడు వేదిక మీదికి రాగానే ‘వీడు లూసియానస్, రాజుగారి అన్న కొడుకు’ అని ప్రకటిస్తాడు. ఇక్కడే పథకం బెడిసికొట్టింది. క్లాడియస్ చంపింది అన్నను. వేదిక మీద రాజును చంపుతున్నది వరసకు కొడుకు. చెవిలో విషం పోయడం చూసి క్లాడియస్‌కి తన నేరం గుర్తొచ్చింది. సభలో మిగతావాళ్లకు కనిపించింది వేరు: యువరాజు అందరి ముందూ తన చిన్నాన్నని చంపుతానని బెదిరిస్తున్నాడు. అందుకే రాజు లేచి వెళ్లిపోగానే అందరికీ కోపం వచ్చింది హామ్లెట్ మీదే, తల్లితో సహా. ఆ రుజువు హామ్లెట్‌కి, హొరేషియోకి తప్ప ఎవరికీ పనికిరాకుండా పోయింది. ఈ ఒక్క బంధుత్వం మాట పట్టించుకోకుండా పాఠం చెబితే తరవాతి కథంతా గజిబిజిగానే ఉంటుంది.

తరవాత ప్రార్థన ఘట్టం. ‘వెనకాడాడు’ అనేవాళ్లందరూ మొదట చూపించేది దీన్నే. క్లాడియస్ ఒంటరిగా మోకాళ్ల మీద ఉన్నాడు, పక్కన కాపలా లేదు. హామ్లెట్ కత్తి దూసి ఆగిపోతాడు. ప్రార్థనలో ఉండగా చంపితే వీడు తిన్నగా స్వర్గానికి పోతాడు, నాన్నకి పాపాలు చెప్పుకునే వ్యవధి కూడా దొరకలేదు, కాబట్టి వీడు తాగి పడి ఉన్నప్పుడో, జూదంలో ఒట్లు వేస్తున్నప్పుడో నరికి నరకానికి పంపాలి అంటాడు. 1765లో ఆంగ్ల విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ ఈ ప్రసంగం చదవడానికీ, పలకడానికీ వీల్లేనంత ఘోరంగా ఉందన్నాడు. తరవాత కవి, విమర్శకుడు కోల్‌రిడ్జ్ దీనికి ఒప్పుకోలేదు. ఇది ఘోరం కాదు, వాయిదా వేయడానికి వెతుక్కున్న సాకు అన్నాడు. నేను జాన్సన్ పక్షమే. ఎందుకంటే తరవాతి రంగంలోనే, తల్లి గదిలో తెర వెనక అలికిడి వినగానే, హామ్లెట్ క్షణం ఆలస్యం చేయకుండా పొడిచేశాడు. ‘రాజేనా?’ అని అడిగాడు. చచ్చింది పొలోనియస్ అని చూసి ‘నీకంటే పెద్దవాడివనుకున్నాను’ అన్నాడు. సాకులు వెతుక్కునే మనిషి చేయి అంత వేగంగా లేవదు. ప్రార్థన దగ్గర అతన్ని ఆపింది మెతకదనం కాదు, ప్రాణం తీస్తే చాలదు ఆత్మ కూడా కాలాలన్న కసి. ఇంత చేసీ, హామ్లెట్ వెళ్లిపోయాక క్లాడియస్ లేచి, తన మాటలే పైకి వెళ్లాయి కానీ మనసు కిందే ఉండిపోయిందని ఒప్పుకుంటాడు. అంటే ఆ ప్రార్థన ఫలించనే లేదు. ఆ క్షణంలో చంపినా హామ్లెట్ కోరుకున్నదే జరిగి ఉండేది.

ఎత్తిన కత్తి ఆగిపోవడం ఈ నాటకంలో అంతకుముందే ఒకసారి వస్తుంది. రెండో అంకంలో హామ్లెట్ నటుణ్ని అడిగి మరీ చెప్పించుకున్న ప్రసంగంలో, ట్రాయ్ యుద్ధంలో, తండ్రి అకిలీస్ చావుకు పగ తీర్చుకుంటున్న పిరస్ అక్కడి ముసలి రాజు ప్రియామ్ మీదకు కత్తి ఎత్తుతాడు. కోట కూలిన చప్పుడుకి ఆ కత్తి గాలిలోనే నిలిచిపోతుంది. బొమ్మలో గీసిన నియంతలా కాసేపు కదలకుండా ఉండిపోయి, తరవాత దయ లేకుండా నరుకుతాడు. అది చూసి ఏడ్చే ప్రియామ్ భార్య హెక్యూబా మీదే మన జాలి పోతుంది తప్ప పిరస్‌ని మెచ్చుకోం. పగబట్టిన కొడుకు పని పూర్తి చేస్తే ఎలా ఉంటాడో షేక్‌స్పియర్ అక్కడే చూపించాడు.

పొలోనియస్ కొడుకు లేర్టీజ్ సంగతి చూడండి. అతను ఏ మీనమేషాలూ లెక్కపెట్టలేదు. తండ్రి చచ్చాడని తెలియగానే పారిస్ నుంచి వచ్చి, గుంపును వెంటేసుకుని కోట తలుపులు బద్దలు కొట్టించాడు. గుడిలోనైనా సరే హామ్లెట్ గొంతు కోస్తానన్నాడు. తండ్రి పగతో రాత్రివేళ నిద్రపోతున్నవాళ్ల మీద పడిన అశ్వత్థామ మనవాళ్లకు వెంటనే గుర్తొస్తాడు. నిజానిజాలు విచారించని ఆ ఆవేశాన్ని క్లాడియస్ కాసేపట్లోనే తన చేతి కర్రగా మార్చుకున్నాడు. కత్తిసాము పోటీ పేరుతో హామ్లెట్‌ని చంపాలన్న ఆ పథకానికి మూడు అంచెలు: మొన మొద్దుచేయని కత్తి, దాని మొనకు లేర్టీజ్ కొని ఉంచుకున్న విషం, అవి రెండూ తప్పితే విషం కలిపిన పానపాత్ర. పందెం కూడా పద్ధతి ప్రకారమే కట్టారు. పన్నెండు విడతల్లో లేర్టీజ్ హామ్లెట్ కంటే మూడు దెబ్బలకు మించి ఎక్కువ కొట్టకూడదు. పాత్రలో విషం రాణి తాగేసింది. పెనుగులాటలో కత్తులు తారుమారై లేర్టీజ్ తన విషానికే బలయ్యాడు. తొందరపడిన కొడుకు గతి ఇది. ఆలస్యం గురించి నాటకంలో ఉన్న గట్టి హెచ్చరిక, చేయాలనుకున్నది అనుకున్నప్పుడే చేసెయ్యాలి లేకపోతే సంకల్పం చల్లారిపోతుందన్నది, పలికేది క్లాడియస్, లేర్టీజ్‌ని ఎగదోయడానికి. దాన్ని నాటకం నీతిగా ఎత్తి చూపేవాళ్లు అది ఎవరి నోట వచ్చిందో చూడాలి.

అలాగని హామ్లెట్ తనని తాను తిట్టుకోలేదని అనను. రెండో అంకం చివర తిట్టుకున్నాడు, నాలుగో అంకంలో, తండ్రిని పోగొట్టుకున్న నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ సైన్యాన్ని చూసి మళ్లీ తిట్టుకున్నాడు. మొదటి రెండు నెలలు ఏం చేశాడో నాటకంలో జవాబు లేదు. దానికి 1904లో షేక్‌స్పియర్ విమర్శకుడు ఎ.సి. బ్రాడ్లీ చెప్పిన కారణమే నాకు దగ్గరగా తోస్తుంది: తండ్రి పోయిన నెలలోపే తల్లి మరిదిని పెళ్లాడడంతో వచ్చిన కుంగుబాటు. ఈ ఒళ్లు కరిగిపోతే బాగుండునన్న మాట హామ్లెట్ ప్రేతాత్మని చూడకముందే అన్నాడు. చంపాలా వద్దా అన్న ఊగిసలాటగా చెప్పే ‘ఉండడమా, లేకపోవడమా’ స్వగతంలో క్లాడియస్ ఊసే లేదు. ‘నేను’ అన్న మాట కూడా లేదు. అది చావు గురించిన ఆలోచన.

ఫోర్టిన్‌బ్రాస్ సైన్యాన్ని చూసిన స్వగతం గురించి అధ్యాపకులకు ఒక మాట. అది 1604–05లో అచ్చైన రెండో క్వార్టోలో (ఈ నాటకం ఒక్కటే విడిగా వేసిన చిన్న పుస్తకం) మాత్రమే ఉంది, 1623 ఫోలియోలో (షేక్‌స్పియర్ నాటకాలు కలిపి వేసిన పెద్ద సంపుటం) లేదు. ఈ చేత్తో వాణ్ని మట్టుబెట్టడం ధర్మమే కదా అని చివరి అంకంలో హొరేషియోని అడిగే పంక్తులు దానికి ఎదురు: ఫోలియోలో ఉన్నాయి, క్వార్టోలో లేవు. క్వార్టో హామ్లెట్ నాలుగో అంకంలో కూడా తనను తాను నిందించుకుంటాడు, ఫోలియో హామ్లెట్ తేల్చుకున్న మనిషి. మనం చదివే పుస్తకాలు చాలావరకు రెండూ కలిపి అచ్చేసినవే. ఏ పంక్తి ఎక్కడిదో చెప్పకుండా ‘హామ్లెట్ స్వభావం’ మీద పది మార్కుల ప్రశ్న ఇవ్వడం విద్యార్థులకు అన్యాయం.

కాలేజీల్లో ఈ నాటకం వేసేవాళ్లకు కూడా ఒకటి రెండు విన్నపాలు. మొత్తం వేస్తే నాలుగు గంటలు పడుతుంది, కత్తిరించక తప్పదు. పొలోనియస్ సేవకుడు రేనాల్డో రంగం తీసేయవచ్చు, నార్వే రాయబారుల మాటలూ బాలనటుల మీద చర్చా తగ్గించవచ్చు. పిరస్ కత్తి ఆగే పది పంక్తులు, లూసియానస్ వరస చెప్పే మాట, ప్రార్థన తరవాత క్లాడియస్ పలికే రెండు పంక్తులు మాత్రం ఉంచండి. ఫోర్టిన్‌బ్రాస్‌ని పూర్తిగా ఎగరగొట్టకండి. ఒలివియర్ సినిమాలో అతను లేడు, దాంతో తండ్రిని పోగొట్టుకున్న ముగ్గురు కొడుకులను పక్కపక్కన పెట్టి చూసే వీలే పోయింది. చివరి రంగంలో ఇంకో చిన్న కేక ఉంది. రాజుదే తప్పని లేర్టీజ్ అందరి ముందూ ఒప్పుకున్నాక కూడా, హామ్లెట్ క్లాడియస్‌ని పొడవగానే కొలువు మొత్తం ‘ద్రోహం, ద్రోహం’ అని అరుస్తుంది. తోటలో జరిగిన హత్య వాళ్లకు అప్పటికీ తెలియదు. ఆ అరుపు తీసేస్తే, చావబోతున్న హామ్లెట్ విషం తాగబోయిన హొరేషియో చేతిలోంచి పాత్ర లాక్కుని, బతికి ఉండి తన సంగతి లోకానికి చెప్పమని ఎందుకు బతిమాలాడో ప్రేక్షకుడికి అందదు.

ఇట్లు,
ఒక ఆంగ్ల సాహిత్య అధ్యాపకుడు,
వరంగల్