స్క్రూజ్ కథ మళ్ళీ కొత్తగా

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావు? అమ్మగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మొన్న ఫోనులో మాట మధ్యలోనే కట్టయిపోయింది. నీకు చెప్పాలనుకున్న సంగతి నాలోనే ఉండిపోయింది, అందుకే ఈ ఉత్తరం.

క్రిస్మస్ సెలవులకి అక్క పిల్లలు వచ్చారు. సాయంత్రం మప్పెట్లనే బొమ్మలతో తీసిన ‘ది మప్పెట్ క్రిస్మస్ కరోల్’ సినిమా పెడితే పెద్దాడు, “స్క్రూజ్ కథేనా మామయ్యా, మాకు తెలిసిందే” అని మొహం తిప్పుకున్నాడు. వాణ్ణి ఏమనగలం? ఇంగ్లీషు రచయిత డికెన్స్ 1843లో రాసింది మొదలు ఎన్నిసార్లు నాటకాలేశారో, ఎన్ని సినిమాలు తీశారో! పిసినారి ముసలాయన, మూడు ఆత్మలు, తెల్లారేసరికి మంచివాడైపోవడం. అందరికీ తెలిసిపోయి, చివరికి ఎవరికీ వినపడని కథ అయిపోయింది.

దాన్ని మళ్ళీ వినిపించింది బొమ్మలురా! గాంజో అనే నీలం బొమ్మ తనే డికెన్స్‌నంటూ కథ చెబుతుంది, పక్కన రిజ్జో అనే ఎలుక. డికెన్స్ రాసిన వాక్యాలే చాలావరకు గాంజో నోట వస్తాయి. మన తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా రామాయణం మధ్యలో దూరి నవ్విస్తారే, అచ్చం అలాగే. మూడో ఆత్మ రాగానే వీళ్ళిద్దరూ భయపడి, ఆఖర్లో కలుద్దామని చెప్పి తప్పుకుంటారు. ఇక నవ్వించేవాళ్ళు లేరు. ఆ చీకట్లో స్క్రూజ్‌తో పాటు మనమూ ఒంటరివాళ్ళమే. ఎంత బాగా ఆలోచించారో!

స్క్రూజ్‌గా మైకేల్ కెయిన్. రాయల్ షేక్స్పియర్ కంపెనీ రంగస్థల నటులతో కలిసి చేస్తున్నట్టే చేస్తాను తప్ప బొమ్మలున్నాయని వేషాలు వెయ్యనని దర్శకుడికి ముందే చెప్పాడట. బొమ్మలాడించేవాళ్ళు కింద నిలబడాలి కాబట్టి సెట్టులో నేలే ఉండేది కాదు, సన్నటి పలకల మీద నడుస్తూ నటించాడు. కానీ తెర మీద చూడు, కప్ప బొమ్మ కళ్ళలోకి కూడా మనిషి కళ్ళలోకి చూసినట్టే చూస్తాడు.

ఒక్క చోటు నన్ను వదలడం లేదు. స్క్రూజ్ గుమాస్తా క్రాచిట్ వేషం కెర్మిట్ అనే ఆ కప్పది. ముందు ముందు జరగబోయేది చూపించేటప్పుడు, పొయ్యి దగ్గర క్రాచిట్ చిన్నకొడుకు కుర్చీ ఖాళీగా ఉంటుంది, వాడి ఊతకర్ర మిగిలి ఉంటుంది. కెర్మిట్ ఇంటికొచ్చి, కొండ మీద చోటు చూశాననీ, అక్కణ్ణుంచి ఏట్లో బాతులు కనిపిస్తాయనీ చెబుతాడు. పిల్లాడికి బాతులంటే ఇష్టం. అంతే, ఇంకేమీ లేదు. మొహం తిప్పుకున్న మా పెద్దాడు నా చెయ్యి పట్టుకున్నాడురా.

ఆ ఇంటి దుఃఖం నిజంగానే ఈ సినిమా తీసినవాళ్ళది. మప్పెట్లని పుట్టించిన జిమ్ హెన్సన్ 1990 మేలో హఠాత్తుగా పోయాడు. ఆ బొమ్మలాడించేవాళ్ళలో మరో ముఖ్యుడు రిచర్డ్ హంట్ 1992 జనవరిలో పోయాడు. సినిమా వచ్చింది ఆ డిసెంబరులోనే. తీసింది జిమ్ కొడుకు బ్రయన్, అదే అతని మొదటి సినిమా. ఇద్దరికీ అంకితమిచ్చాడు. జిమ్ గొంతుతోనే అందరికీ తెలిసిన కెర్మిట్‌ని స్టీవ్ విట్మైర్ ఆడించాడు. కొండ మీది చోటు గురించి కెర్మిట్ చెబుతుంటే నాకు జిమ్ హెన్సనే గుర్తొచ్చాడు.

నువ్వు చూసేటప్పుడు బెల్ పాట ఉన్న కాపీయే చూడు. కుర్ర స్క్రూజ్‌ని వదిలి వెళ్ళిపోతూ, అతను ప్రేమించిన బెల్ పాడే పాట. పిల్లలకి విసుగని థియేటర్లకి పంపేముందు కోసేశారు. 2022లో డిస్నీ ప్లస్‌లో మళ్ళీ చేర్చారు. ఆ బాణీయే ఆఖర్న అందరూ కలిసి మాటలు మార్చి పాడతారు. మొదటిది వినకపోతే రెండోది ఎందుకు గుండెని పట్టుకుంటుందో తెలియదు. అది కోయడం మాత్రం చాలా పెద్ద తప్పు.

మీ బుజ్జిదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడు. చూసిన రాత్రే రాయి, ఆలస్యం చెయ్యకు.

నీ,
శీను